మామకూ నాకూ నడుమ సీమ ఎలుకలు

మునిమనవరాలికి గినీ పందులు కావాలట. పట్నంలో ఏదో దుకాణంలో చూసింది, అప్పటి నుంచి ఇంట్లో ఒకటే పోరు. "తాతమ్మా, నువ్వు పెంచినవంట గద, వాటితోని మంచేంది, చెడ్డేంది, చెప్పు" అని నా పక్కన చతికిలబడింది. ఈ వయసులో నా మందుగోళీలు నేను మింగడమే పెద్ద పని, ఇంకొకరి పెంపకాల సంగతి నాకెందుకు? కానీ పిల్ల కదిలితే కదా. నోటికి వచ్చినంత చెప్పి పంపాను. నోటితో చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను.

నేను పాల్మాకులకు కాపురానికి వచ్చేనాటికి ఇంకా నిజాం పాలనే. ఇప్పుడు పొద్దస్తమానం నెత్తి మీద విమానాల మోత గానీ, అప్పుడు మధ్యాహ్నం పూట పక్కింటి రోకటి పోటు తప్ప ఏదీ వినిపించేది కాదు. మా ఇంట్లో అయితే అదీ లేదు. అత్త నేను రాకముందే పోయింది. నా పెనిమిటి పట్నంలో పశువుల దవాఖానలో పనిచేసేవాడు. వారానికోసారి వచ్చి మర్నాడే పోయేవాడు. ఇంట్లో మిగిలేది నేనూ, మా మామా.

మా వైపు అప్పట్లో కోడలు మామతో మాట్లాడేది కాదు. ఎదురుపడితే కొంగు సవరించుకుని తలుపు చాటుకు తప్పుకోవాలి. చెప్పాల్సింది ఏదైనా ఉంటే అత్తతోనో ఆడబిడ్డతోనో చెప్పించాలి. ఆయన తరఫు నుంచీ అంతే. నడుమ మనిషే లేని ఇంట్లో ఇది ఎట్లా సాగాలో ఎవరూ ఆలోచించలేదు. అన్నం వేళకు గడప దగ్గర పళ్లెం, మా వైపు తలె అంటాం, పెట్టి గాజులు చప్పుడు చేసేదాన్ని. ఆయన లేచి వచ్చి తినేవాడు. ఉప్పు ఎక్కువైతే దగ్గేవాడు. ఏడాది పొడుగునా మేం మాట్లాడుకున్నది అంతే.

ఆ ఏడు తొలకరికి మా ఎద్దులు రెండూ పోయాయి. కొత్తగా మొలిచిన గడ్డి మేసి వచ్చాయి, గొంతులు వాచాయి, పడిపోయాయి. ఊళ్లో ఇంకా చాలామందికి పోయాయి గానీ మా మామలా ఎవరూ కూలబడలేదు. కొట్టం ముందు నులకమంచం వాల్చుకుని ఖాళీ కొట్టంలోకి చూస్తూ పడుకునేవాడు. గాజులు ఎంత చప్పుడు చేసినా లేచేవాడు కాదు. జొన్నరవ్వతో వండిన గటక పెట్టింది పెట్టినట్టే ఎండిపోయేది. కళ్లముందే మనిషి చిక్కి సగమైపోతుంటే, తినమని ఒక్క మాట అనే వీలు నాకు లేదు. భయమేసేది. అంతకంటే ఎక్కువ కోపం వచ్చేది. విసిరి, దంచి, వండి పెట్టింది ఎవరికని?

పెనిమిటితో చెబితే అప్పో సప్పో చేసి ఎద్దులు తెస్తాడనుకున్నాను. గంప తెచ్చాడు. గంపలో రెండు సీమ ఎలుకలు. వాటినే గినీ పందులంటారని తర్వాత తెలిసింది. దవాఖానలో మందులు పరీక్షించడానికి పెంచేవారట, ఎక్కువై ఇచ్చేశారట. తోక లేదు, మెడ లేదు, బెదురు చూపులొకటి.

"ఇవేం జేస్తయి?" అన్నాను.

"ఏం జెయ్యయి. తింటయి."

"నాకు పని తక్వైందని తెచ్చినవా?"

"బాపు జర వీటి మొకమన్న సూస్తడేమోనని తెచ్చిన. సూడకుంటే వాపస్ తీస్కపోత."

బాపు చూడలేదు. గోడ వైపు తిరిగి పడుకున్నాడు. పెనిమిటి పట్నం పోయాడు, చాకిరీ నా నెత్తిన పడింది.

చెడ్డే ముందు చెబుతాను, అది నాకు బాగా గుర్తు. అవి పొద్దున లేచింది మొదలు తింటూనే ఉంటాయి. తిన్నంతసేపూ పెంటికలు వేస్తూనే ఉంటాయి. ఒక్కపూట ఊడ్వకపోతే మూత్రం కంపుకు కళ్లు మండుతాయి. కుక్కను తరమాలి, పిల్లిని కాయాలి, ఎండ తగలకుండా చూడాలి. బావికి పోయి వచ్చి, కలుపుకు పోయి వచ్చి, నడుము పట్టేసిన మనిషి మళ్లీ కొడవలి పట్టుకుని గట్ల వెంట గడ్డికి పోవాలి. పాలివ్వవు, దున్నవు, కోడిలా గుడ్డయినా పెట్టవు. వీటి ఉసురు నాకెందుకని ఊరుకున్నాను గానీ, పోతే పీడ పోతుందని చాలాసార్లు అనుకున్నాను.

మంచి అంటే ఒకటే. గడ్డిమోపు దించిన చప్పుడు వినపడితే చాలు, రెండూ ముందరి కాళ్లు గంప అంచు మీద పెట్టి, కీచుమని ఈల వేసేవి. నేను వచ్చానని ఆ ఇంట్లో సంబరపడ్డవి అవే.

ఒకనాడు గడ్డి దొరక్క ఆలస్యమైంది. నేను వాకిట్లోకి వచ్చేసరికి అరుపులతో ఇల్లు ఎగిరిపోతోంది. మంచం మీద నుంచి మామ గొంతు వినపడింది. ఆ గొంతు విని ఎన్నాళ్లయిందో!

"ఎందుకొర్లుతున్నరు నా మీద? గడ్డేదని మీ అమ్మను అడుగుండ్రి."

అన్నది ఎలుకలతోనే. కానీ ఆ మాట నాకని తెలియదా? తలుపు చాటున నిలబడి, గంప వైపు వంగి, నేనూ అన్నాను. "మీ తాతకు చెప్పుండ్రి, పొద్దటి గటక తింటే ఏస్తనని."

తర్వాత నులకమంచం కిర్రుమంది. పళ్లెం జరిగిన చప్పుడైంది.

ఆనాటి నుంచి మా ఇంట్లో మాటలకు దారి దొరికింది. "మీ అమ్మకు చెప్పుండ్రి, పచ్చిపులుసుల కారం దంచి కొట్టిందని." "మీ తాతకు చెప్పుండ్రి, నీళ్లకు పోతున్న, ఇల్లు జూస్కొమ్మని." అవి పిల్లలు పెట్టాయి. పుడుతూనే కళ్లు తెరుచుకుని, బొచ్చుతో తిరిగేవి. మామ వాటిని కొట్టంలోకి మార్చి, తడిక కట్టి, ఎద్దుల మెడగంట తెచ్చి ఆ తడికకు వేలాడదీశాడు. దారిన పోయేవాళ్లను పిలిచి "మా ఇంట్ల ఈనినయి" అని చూపించేవాడు. నాకు పని రెట్టింపైంది. ఆయన మాత్రం రెండు పూటలా తింటున్నాడు.

మళ్లీ తొలకరి వచ్చింది. గట్లన్నీ పచ్చబడ్డాయి. ఆయన ముఖం మాడిపోయింది.

"మీ అమ్మకు చెప్పుండ్రి, ఇగ పచ్చగడ్డి ఇంట్లకు రావద్దు. ఎండు సొప్ప, తవుడు, అంతే. నా ఎడ్లను మింగింది ఆ పచ్చగడ్డే."

పశువుల మధ్య పుట్టి పెరిగిన మనిషి, ఆయన మాట కాదనేదెవరు? పైగా నాకు కొడవలి బాధ తప్పింది. జొన్నసొప్ప సన్నగా నరికి వేయడం ఎంతసేపు?

కొన్నాళ్లకు అవి కుంటడం మొదలుపెట్టాయి. బొచ్చు రేగిపోయింది, కీళ్లు వాచాయి. తవుడు మూతికి పెట్టినా నమలలేదు. ఈలలు ఆగిపోయాయి. రోగం ఇంట్లోకి మళ్లీ వచ్చిందని మామ మంచం పట్టాడు. గటక మళ్లీ ఎండిపోసాగింది.

పెరట్లో పుంటికూర, అదే గోంగూర, కోస్తుంటే ఆకుల కింద ఏదో కదిలింది. తడిక సందులోంచి ఎప్పుడు తప్పించుకుందో, మా ఎలుకే. నున్నగా, బొద్దుగా, మూతినిండా ఆకుతో ఉంది. మడి సగం ఖాళీ చేసింది. దాన్ని కొంగులో వేసుకుని, మామ మంచం దగ్గరకు, ఎన్నడూ పోనంత దగ్గరకు పోయాను.

"మీ తాతకు చెప్పు," అన్నాను దానితో, "పచ్చది తిన్నదానివి నువ్వొక్కదానివే మంచిగున్నవని."

ఆయన దాన్ని చేతుల్లోకి తీసుకుని, కాళ్లు నొక్కి చూశాడు, పళ్లు చూశాడు. లేచి పెరట్లోకి పోయి పుంటికూర చేతికి అందినంత పెరుక్కొచ్చాడు. ఒక్కొక్కదాన్ని ఒళ్లో పెట్టుకుని ఆకు నలిపి నోట్లో పెట్టాడు. అప్పటికే ఆలస్యమైంది. ఒకటి తర్వాత ఒకటి అన్నీ పోయాయి. బతికినదాన్ని మళ్లీ కొట్టంలో పెట్టే ధైర్యం ఇద్దరికీ లేక మడిలోనే వదిలేశాం. పోతే పీడ పోతుందనుకున్నదాన్ని, ఖాళీ కొట్టం ఊడుస్తూ ఏడ్చాను.

ఆ మధ్యాహ్నం గడప దగ్గర పళ్లెం పెట్టాను. గాజులు చప్పుడు చేశాను. మంచం కదలలేదు. "మీ తాతను బువ్వకు లెమ్మనుండ్రి" అని నోటిదాకా వచ్చింది. అనడానికి ఎవరున్నారు? నిరుటి రోజులు మళ్లీ వచ్చాయనుకుంటూ, తలుపు చాటున గోడకు ఆనుకుని నిలబడ్డాను. నిలబడే ఓపిక కూడా లేదు.

"బిడ్డా."

ఎవరైనా వచ్చారేమోనని వాకిలి వైపు చూశాను. ఎవరూ లేరు.

"నువ్వు తిన్నవా?"

"లేదు మామా," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

నులకమంచం కిర్రుమంది. ఆయన లేచి కూర్చున్నాడు.

"అయితే ఇంకో తలె తెచ్చుకో."