తలకిందుల గొర్రెపిల్ల కాసు

నా చిన్నప్పుడు మా నాయనమ్మ మెడలో ఒక గొర్రెపిల్ల తలకిందులుగా వేలాడుతూ ఉండేది. బంగారు గొర్రెపిల్ల. బందరులో మా సంఘమంతటికీ ఆ సంగతి తెలుసు. ఆదివారం ఆరాధన అయ్యాక ఆడవాళ్ళు ఆమె చుట్టూ చేరి, "ఏం వదినా, మీ గొర్రెపిల్ల ఇంకా లేవలేదా?" అని వేళాకోళం ఆడేవారు. ఆమె నవ్వి ఊరుకునేది.

అది నిజానికి ఒక నాణెం. కాసులపేరులోని కాసులా గుండ్రంగా ఉండేది కాదు. మేము జీళ్ళు కొనుక్కునే అయిదు పైసల బిళ్ళలాగా నలుచదరంగా, దానికంటే కాస్త చిన్నదిగా ఉండేది. మిషన్ ఆసుపత్రిలో నర్సుగా పనిచేసిన ఒక జర్మనీ దొరసానమ్మ, నాయనమ్మ పెళ్ళికి దాన్ని తన పెట్టెలోంచి తీసి ఇచ్చిందట. ఆ దొరసానమ్మకు పసితనంలో బాప్తిస్మమప్పుడు వాళ్ళ తాతగారు పెట్టిన కానుక అది.

మధ్యాహ్నం నాయనమ్మ నడుం వాల్చగానే నేను పక్కన చేరి, ఆ నాణెం పట్టుకుని కథ చెప్పమనేదాన్ని. జర్మనీలో న్యూరెంబర్గ్ అని ఒక పట్నం. చుట్టూ రాతి గోడ, బురుజులు. పైన చక్రవర్తి ఒక్కడు తప్ప ఏ జమీందారుకూ దాని మీద పెత్తనం లేదు. ఊరి పెద్దలే ఊరిని ఏలుకునేవారు, నాణేలు కూడా సొంతంగా అచ్చువేసుకునేవారు. పెద్ద పెద్ద వెండి నాణేల మీద తమ ఊరి గోడలనూ గోపురాలనూ చెక్కించుకున్నారు. ఈ బంగారు నాణేల మీద మాత్రం యేసు ప్రభువుకు గుర్తుగా, భూగోళంపై నిలబడి, శాంతి సమాధానాల జెండా పట్టుకున్న గొర్రెపిల్లను వేయించారు. వెనక వైపు ఊరి ముద్రలు మూడు, వాటి పైన ఒలీవ కొమ్మతో పావురం. "రాజు మొహం ఉండాల్సిన చోట మన ప్రభువును నిలబెట్టారే!" అనేది నాయనమ్మ. సండే స్కూల్లో అప్పటికే రాజైన కైసరు బొమ్మ ఉన్న నాణెం చూసి, కైసరుది కైసరుకే ఇమ్మని ప్రభువు చెప్పిన సంగతి విని ఉన్నాను గనుక, ఆ మాటకు నాకు ఒళ్ళు జల్లుమనేది.

అంత గొప్ప గొర్రెపిల్లకు రింగు మాత్రం కాళ్ళ వైపు అతికి ఉండేది. గొలుసుకు వేస్తే చూసేవాళ్ళకు కాళ్ళు పైకి, తల కిందికి. గిల్టు నగలకు పేరుపడ్డ చిలకలపూడి మా పక్కనే. అక్కడి ముసలి ఆచారికి ఈ బొమ్మ అర్థంకాక తిరగేసి అతికాడని మా ఇంటిల్లిపాదీ అనుకునేవాళ్ళం.

మా చిన్నత్త పెళ్ళి కుదిరింది. నాయనమ్మ ఆ గొలుసు తీసి కూతురి మెడలో వేసింది. పెళ్ళికి ముందు రోజు ఉదయం గుడివాడ నుంచి పెళ్ళికొడుకు అక్కగారు పట్టుచీర తీసుకుని వచ్చింది. నాయనమ్మ అప్పటికే గుడి అలంకరించడానికి వెళ్ళింది. అక్కగారు చీర మా చిన్నత్త భుజం మీద వేసి మురిసిపోతూ, ఉన్నట్టుండి ఆగి, నాణెం వంకా మా నాన్న వంకా చూసింది.

"అయ్యో, ఇదేంటమ్మాయ్, గొర్రెపిల్ల తిరగబడి ఉంది! బావగారూ, ఏమనుకోకండి, రేపు మావాళ్ళంతా చూస్తారు. ప్రభువును తలకిందులుగా వేలాడదీశారని అనుకోరూ?"

ఆమె ఎగతాళికి అనలేదు. నిజంగానే కంగారుపడింది. కానీ మా చిన్నత్త కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి. గొలుసు తీసేద్దామంటే, అది మెడలో లేకుండా మా ఇంటి ఆడపిల్ల గుడి మెట్లెక్కడం నాయనమ్మకు సమ్మతం కాదు. అలాగే వేసుకుని వెళ్తే నలుగురిలో నగుబాటు. మా నాన్న మొహం ఎర్రబడింది. "వెంటనే చిలకలపూడి తీసుకెళ్ళి రింగు తిప్పించుకురారా" అని బాబాయికి చెప్పాడు. నేనూ వస్తానని సైకిల్ ముందు కడ్డీ ఎక్కి కూర్చున్నాను.

ఆ ప్రయాణం ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు గుర్తుంది. నాణేన్ని గొలుసుతో సహా చేతిరుమాలులో మూటగట్టి నా గుప్పిట్లో పెట్టారు. రాజు లేని ఊరి బంగారం నా గుప్పిట్లో! దారిన పోయే ప్రతివాడూ నా చేతినే చూస్తున్నాడనిపించింది. బాబాయి బెల్లు కొడుతుంటే నేను పాటలు పాడుతూనే ఉన్నాను.

ముసలి ఆచారి అప్పటికి లేడు. ఆయన కొడుకు నాణేన్ని అటూ ఇటూ తిప్పి చూసి మొహం మాడ్చుకున్నాడు. "మా నాన్న చేతి పనండీ ఇది. ఇంత తప్పు చేశాడంటే నమ్మబుద్ధి కావడం లేదు" అన్నాడు. తర్వాత మెల్లగా అసలు సంగతి చెప్పాడు. "పాత రింగు తీయాలన్నా, తల వైపు కొత్తది అతకాలన్నా సెగ తగలాలి. పల్చటి బంగారం. బొమ్మ కరిగినా కరగొచ్చు. తర్వాత నన్ననకూడదు మరి."

బాబాయి ఒక్క క్షణం తటపటాయించి, "కానియ్యి ఆచారీ, రేపే పెళ్ళి" అన్నాడు. నా పాట ఆగిపోయింది. కుంపటిలో బొగ్గులు రాజుకున్నాయి. ఆచారి ఊదుగొట్టం నోటికి పెట్టుకున్నాడు. నేను కళ్ళు మూసుకుని, "ప్రభువా, నీ గొర్రెపిల్లను కరగనియ్యకు" అని ప్రార్థన మొదలుపెట్టాను.

"ఆగవయ్యా! నీకు పుణ్యముంటుంది, ఆగు!"

రిక్షా ఇంకా ఆగకముందే నాయనమ్మ దూకేసింది. కాళ్ళకు చెప్పులు లేవు. చేతిలో గుడికి కట్టే బంతిపూల దండ అలాగే ఉంది. మా అమ్మ కబురు పంపిందట. లోపలికి వచ్చి నాణేన్ని పట్టకారు నుంచి లాక్కున్నంత పని చేసింది.

"ఇన్నేళ్ళుగా నవ్వుతున్నారు కదరా అందరూ. ఇలా ఎందుకుందని ఒక్కరైనా అడిగారా?" అంటూ గొలుసుకు నాణెం ఎక్కించి నా మెడలో వేసింది. "ఇప్పుడు తల వంచి చూడవే."

తల వంచాను. నా గుండెల మీద గొర్రెపిల్ల నిలబడి ఉంది! నాలుగు కాళ్ళూ భూగోళం మీద, జెండా పైకి, మొహం పైకి!

"నాయనమ్మా! నిలబడింది! బాబాయ్, నిలబడింది!" అని గంతులేశాను. బాబాయి నమ్మలేదు. తన మెడలో వేసుకుని చూసి నోరు తెరిచాడు. ఆచారి కూడా ఊదుగొట్టం పక్కన పెట్టి, "ఏదీ, నన్నూ చూడనివ్వండి" అని వేసుకున్నాడు.

అప్పుడు నాయనమ్మ చెప్పింది. ఆ దొరసానమ్మ తన వాచీని గౌను మీద తలకిందులుగా గుచ్చుకునేదట. తల దించితే ఆమెకు టైము సరిగ్గా కనిపించేది. నాయనమ్మకు అది ఎంతో నచ్చింది. గొర్రెపిల్లను అలా అతకమంటే, 'జనం నా పనికి వంకపెడతారమ్మా' అని ముసలి ఆచారి మొదట ఒప్పుకోలేదట. "జనానికి కాదయ్యా, ప్రార్థనకు తల వంచినప్పుడు నాకు కనిపించాలి అన్నాను. మీ నాన్న నా కోసం మాటపడ్డాడు నాయనా. ఒక్కనాడూ నోరు విప్పలేదు" అంది. ఆయన కొడుకు నాణేన్ని మెత్తటి గుడ్డతో మెరిసేదాకా తుడిచి రెండు చేతులతో ఆమెకు అందించాడు.

ఆ సాయంత్రం మా ఇంట్లో అదే సందడి. ఆ గొలుసు వేసుకుని తల వంచనివాళ్ళు లేరు. గుడివాడ అక్కగారు వేసుకుని ఎంతసేపటికీ తల ఎత్తలేదు. చివరికి కళ్ళు తుడుచుకుని, "అత్తయ్యగారూ, ఇలాగే వెయ్యండి. ఎవరన్నా అంటే నేను చెప్తాను" అంది. మర్నాడు పెళ్ళి ప్రార్థనలో పాస్టరు అయ్యగారు తలలు వంచమన్నప్పుడు నేను దొంగచాటుగా కళ్ళు తెరిచాను. మా చిన్నత్త తల వంచి, తన గుండెల మీదికి చూసుకుంటూ చిన్నగా నవ్వుతోంది.

చిన్నత్తకు ఆడపిల్లలు లేరు. నా పెళ్ళినాడు ఆ గొలుసు నా మెడలో వేసింది. మొన్న మా మనవరాలు ఫోనులో వెతికి అలాంటి నాణేలు చూపించింది. మ్యూజియం అద్దాల వెనక గొర్రెపిల్లలన్నీ చూసేవాళ్ళకు చక్కగా నిలబడి ఉన్నాయి. చూసి సంతోషించాను. కానీ తుఫాను గాలికి తలుపులు కొట్టుకున్న రోజుల్లో, మా ఆయనను ఆపరేషన్‌కు తీసుకెళ్ళాక వరండాలో కూర్చున్నప్పుడు, నాకు కనిపించాల్సిన గొర్రెపిల్ల నా మెడలోనే ఉంది. కనిపించడానికి నేను చేయాల్సింది నాయనమ్మ ఆనాడే నేర్పింది.

ఇప్పటికీ బస్సులోనో ఆటోలోనో ఎవరో ఒక అమ్మాయి, "మామ్మగారూ, మీ బిళ్ళ తిరగబడిందండీ" అంటుంది.

"అవునా తల్లీ" అని తల వంచి చూసుకుంటాను. నిలబడే ఉంటుంది.