నిమ్మరసం పడ్డ చోటు

మా సార్ పోయారు. ఆదివారం పొద్దున మా బ్యాచ్ గ్రూపులో ఆ మెసేజ్ చూసి, స్టవ్ కట్టేసి, అమ్మకు చెప్పాను. "ఏ సారు? నిమ్మకాయల సారా?" అంది. అవునన్నాను. చేతిలోని చాట కింద పెట్టి, "అయ్యో, మంచి నవ్వుల మనిషి ఉండె," అని కొంగుతో కళ్ళొత్తుకుంది. ఆ వెంటనే నేల వైపు చూసింది. నేనూ చూశాను. ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆయన తలపుకొస్తే మా ఇంట్లో ఇంతే, ఏడుపు సగంలోనే ఆగిపోతుంది.

తార్నాకలో ఉండేవాళ్ళు ఆయన్ని చూసే ఉంటారు. పొట్టి మనిషి, చొక్కా జేబులో ఎప్పుడూ ఒక నిమ్మకాయ, గుండీ పక్కన పిన్నీసు. యూనివర్సిటీలో మాకు పర్యావరణ భూగర్భశాస్త్రం చెప్పేవారు. రాయిలో సున్నం ఉందో లేదో తెలియాలంటే దాని మీద పులుపు పడాలి. ఉంటే బుడగలొస్తాయి. ల్యాబులో అందుకు ఆమ్లం సీసా ఉంటుంది. "ఆ సీసా పట్టుకుని ఊళ్ళో తిరిగితే పోలీసులు పట్టుకుంటారండీ. నిమ్మకాయ పట్టుకుంటే మహా అయితే మంత్రగాడంటారు," అనేవారు.

మొదటి క్లాసుకే మమ్మల్ని గదిలోంచి బయటికి లాక్కుపోయారు. క్యాంపస్‌లో పెద్ద బండ దగ్గర ఆగి, "దీని మీద కూర్చునే ముందు దణ్ణం పెట్టండి. మన అందరి ముత్తాతల కన్నా పెద్దది," అన్నారు. అక్కణ్ణుంచి తార్నాక చౌరస్తా దాకా నడక. ఏటీఎం మెట్లు, బేకరీ గడప, బస్టాపు కట్ట, దేన్నీ వదల్లేదు. మాలో ఒకడు ఉత్సాహం పట్టలేక "గ్రానైట్ సార్!" అని అరిస్తే, "పేరుకి తొందరేంటండీ, అదెక్కడికీ పారిపోదు. ముందు చూడండి, తర్వాత తాకండి, పేరు చివర్న," అన్నారు. ఏటీఎం ముందు బోర్లా పడుకుని భూతద్దంలో మెట్టు చూస్తున్న ఆయన్ని చూసి గార్డు లేచొచ్చాడు. కాసేపటికి గార్డు కూడా మోకాళ్ళ మీద కూర్చుని ఆ అద్దంలోంచి చూస్తున్నాడు. ఆ చదువు మీద నాకు ప్రేమ పుట్టింది ఆ మెట్ల మీదే.

కానీ ఆ చదువే చేజారబోయింది. రెండో ఏడాది తాండూరు వైపు సున్నపురాతి గనులకు పది రోజుల ఫీల్డ్ ట్రిప్. అది చేయకపోతే డిగ్రీ లేదు. అమ్మ వద్దంటే వద్దంది. నాన్న సంగతా? అమ్మ మాటే నాన్న మాట. ఏడ్చాను, అన్నం మానేశాను, అయినా కరగలేదు. చివరికి విషయం సార్‌కి చెప్తే, మర్నాడు మధ్యాహ్నమే వారాసిగూడలో మా ఇంటికి వచ్చేశారు.

అప్పటికి కొద్ది రోజుల ముందే అమ్మ ముందుగదిలో తెల్లటి పాలరాయి వేయించుకుంది. ఎన్నో ఏళ్ళ కోరిక. పని పూర్తయిన రోజే ఎదురింటి పెద్దమ్మ వచ్చి, "గిది అసల్ది కాదే, నిన్ను నిండా ముంచిండు," అని ఒక మాట పడేసి పోయింది. అప్పట్నుంచి అమ్మకు ఆ నేల మీద కాలు పెట్టినప్పుడల్లా మనసు మనసులో లేదు.

సార్ కూర్చోగానే అమ్మ మొదలుపెట్టింది. "ఆడపిల్లను గుట్టల పొంటి రాళ్ళు ఏరనీకి పంపుడేంది సార్? గదేం సదువు?"

సార్ వింటున్నట్టే లేరు. చూపంతా నేల మీదే. మెల్లగా కిందికి దిగి, పిన్నీసుతో ఓ మూల గీకి, జేబులోంచి నిమ్మకాయ తీశారు. పూజ గది గడప ముందు, నిమ్మకాయ! అమ్మ గోడకు అతుక్కుపోయింది. "ఏం చేస్తున్నరు సార్? మా ఇంట్ల ఎవ్వలికేం గాలే, దిష్టి గిష్టి ఏమొద్దు!"

"భయపడకండమ్మా," అంటూనే పిండేశారు. బోర్లా పడుకుని, భూతద్దం పెట్టి చూసి, "రండి, రండి, చూడండి," అని పిలిచారు. అమ్మ భయం భయంగా వంగింది. గీకిన చోట సన్నటి బుడగలు పొంగుతున్నాయి.

"అసలైన పాలరాయేనండీ. మిమ్మల్ని ఎవరూ మోసం చేయలేదు."

అమ్మ మొహం వెలిగిపోయింది. "నిజంగనా సార్?" అని రెండుసార్లు అడిగింది. అంతలో తడి తుడిచి చూస్తే, ఆ చోట మెరుపు పోయి, నిమ్మచెక్కంత మచ్చ! సార్ నెత్తి కొట్టుకున్నారు. "అయ్యయ్యో, కొత్త నేల పాడుచేశానమ్మా. పులుపు పాలరాతిని కాస్త తినేస్తుంది, మరిచేపోయాను." ట్రిప్ ఇక పోయినట్టే అనుకున్నాను. ఆయనే నెమ్మదిగా అందుకున్నారు. "మీ అమ్మాయి చదివేది ఇదేనండీ. వాన నీళ్ళూ ఇలాగే రాళ్ళను కొంచెం కొంచెం తింటూ భూమిలోకి దిగుతాయి. మీ బోరు నీళ్ళు కాచే గిన్నెకు తెల్లగా పొర కడుతుందా?"

"కడతది సార్. ఎంత తోమినా పోదు."

"అది నీళ్ళలో కరిగొచ్చిన సున్నమే."

అమ్మ వంటింటి వైపు చూసింది. "మరి గా నీళ్ళు పిల్లలు తాగొచ్చునా?"

"సున్నంతో భయం లేదమ్మా. దానితో పాటు ఇంకేమేం కరిగొచ్చాయో చూడాలి. రేపు అది మీ అమ్మాయే చెప్పాలి. నీళ్ళు ఏ దారిన వచ్చాయో చూడకుండా ఎలా చెప్తుంది? ఈ గదిలో కూర్చుంటే రాదు కదండీ."

అమ్మ లేచి టీ పెట్టి తెచ్చింది. ఆయన తాగేదాకా ఆగి, గొంతు తగ్గించి, "సార్, ఒక్కపాలి ఎదురింట్ల గూడ పిండుతరా?" అంది.

ఎదురింట్లో ఒక్క బుడగా రాలేదు. అది పాలరాయిలా కనిపించే టైల్. పెద్దమ్మ మొహం చూడాల్సిందే! అమ్మ ఇంటికొచ్చాక నా బ్యాగు తనే కిందికి దించి, "పోయిరా బిడ్డా," అంది. బయల్దేరే రోజు సంచీ నిండా నిమ్మకాయలు ఇచ్చింది, సార్‌కు అక్కరకొస్తాయని. "సైన్సుకు రెండు, మిగతావన్నీ షర్బత్‌కు," అని ఆ గనుల ఎండలో ఆయనే అందరికీ కలిపిచ్చారు. అంత చల్లటి షర్బత్ నేను మళ్ళీ తాగలేదు. ఇప్పుడు నీళ్ళ పరీక్షే నా ఉద్యోగం. వారాసిగూడ, సీతాఫల్‌మండి, లాలాపేట్ బోర్ల నీళ్ళు నా చేతుల మీదుగా వెళ్తుంటాయి. సార్ మా ఇంటికొచ్చిన ఆ మధ్యాహ్నం లేకపోతే ఇవేవీ లేవు.

ఆ ఆదివారం తార్నాకలో సార్ వాళ్ళింటికి వెళ్తే గది నిండా పాత విద్యార్థులు. సార్ భార్య, మా మేడం, నా చెయ్యి పట్టుకుని, "పెళ్ళిచూపులకొచ్చి మా ఇంటి గచ్చు మీద కూడా పిండారమ్మా. మా నాన్న పిచ్చివాడనుకున్నాడు. నాకు మాత్రం అప్పుడే నచ్చేశారు," అన్నారు. నవ్వుతూనే ఏడ్చారు. అందరమూ అంతే.

ఆ తర్వాత కొద్ది రోజులకు తమ్ముడి పెళ్ళికని ఇంట్లో నేల పాలిష్ పెట్టించాం. మిషన్ ఆయన పూజ గది ముందు మచ్చ చూసి, "గిది ఒక్క రౌండుల పోతదమ్మా," అన్నాడు. అమ్మ లోపలికెళ్ళి పీట తెచ్చి, సరిగ్గా దాని మీదే వేసుకుని కూర్చుంది.

"గీడ ఒద్దు. సుట్టూ కొట్టుకో."

మిషన్ గిర్రున తిరుగుతోంది. అమ్మ పాదాలు రెండూ పీట మీదికి లాక్కుని, కొంగు బిగించుకుని, దాని మీంచి కదలకుండా కూర్చుంది.