జామకొమ్మలు వంచి కట్టిన వేసవి

నల్లతామర పురుగు మిరపతోటల మీద పడ్డ ఏడాది మా ఊళ్లో పూత నిలిచిన చేను లేదు. పూవులో దూరి కూర్చునే పురుగు అది. ఏం కొట్టినా చావదు. అయినా మందుల కొట్లవాళ్లు కొత్త డబ్బాలు తెస్తూనే ఉన్నారు, మనవాళ్లు కొడుతూనే ఉన్నారు. నేను బడికి పోయినవాణ్ణి కాను. ఎరువు బస్తాల మీదా, పురుగుమందు డబ్బాల మీదా, బస్సు బోర్డుల మీదా అక్షరాలు కూడబలుక్కుని చదువు నేర్చినవాణ్ణి. అందుకే ఆ డబ్బాల సంగతి నాకు బాగా తెలుసు. మందు పేరు జానెడు అక్షరాల్లో ఉంటుంది. అది ఒంటికి తగిలితే ఏమవుతుందో చీమతలకాయంత అక్షరాల్లో ఉంటుంది. ఇదేం న్యాయమయ్యా అని కొట్టువాణ్ణి అడిగితే, "అద్దాలు మార్పించుకో తాతా" అన్నాడు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

మిరప పీకించాక మా ఆవిడ నోరు విప్పింది. బోరు పక్కనున్న ఎకరం ఆమెది. పెళ్లప్పుడు పుట్టింటివాళ్లు పసుపు కుంకుమల కింద రాసిచ్చిన నేల. అందులో ఏం వెయ్యాలో మొదట మా నాన్న చెప్పేవాడు, తర్వాత నేను చెప్పాను, ఇప్పుడు సేద్యం మా అబ్బాయి చేతికొచ్చింది గనక వాడు చెబుతున్నాడు.

"ఈ ఎకరంలో ఇక మందుకొట్టే పైరు వద్దు. జామ పెడతా" అంది.

మా అబ్బాయి నలభై దాటినవాడు, తెలివైనవాడే. కానీ మిరప తప్ప మరో పైరు పైరే కాదు వాడికి. "పెట్టుకోమ్మా. మూడో ఏడు మిరపనారు పోసే నాటికి కాయ కనపడకపోతే మాత్రం ట్రాక్టరు పెట్టి పెళ్లగిస్తా" అన్నాడు. ఆమె నేలకు వీడు గడువు పెట్టడమేమిటని నేను ఎగిరాను. ఆమె మాత్రం, "సరేరా" అని ఊరుకుంది.

మొక్కలు ఏపుగా లేచాయి. అదే తంటా అయింది. రేగడి బలానికి కొమ్మలన్నీ ఆకాశంలోకి పోటీపడి పోయాయే గానీ పూత ఊసు లేదు. మూడో వేసవి రానే వచ్చింది. మిరప రేటు మళ్లీ లేచింది. మా అబ్బాయి ఆ దారిన పోతూ తోట వంక చూసే చూపులో ట్రాక్టరు కనబడుతోంది నాకు.

ఆ రోజుల్లోనే మా ఆవిడ పొదిలిలో ఉన్న చెల్లెల్ని చూడ్డానికి వెళ్లి వచ్చింది. బస్సు దిగిన మనిషి కాళ్లు కూడా కడుక్కోలేదు.

"మా చెల్లెలు వాళ్లు జామకొమ్మలు వంచి నేలకు కడుతున్నారయ్యా. వంచిన కొమ్మకు కణుపు కణుపునా చిగురొస్తోంది. ఆ చిగుళ్లకే మొగ్గ."

"పెరిగే మొక్కను వంచి కట్టేస్తావా? అదేం నేరం చేసిందే?"

"కట్టకపోతే నీ కొడుకు పీకేస్తాడు. ఏది నయమో నువ్వే చెప్పు."

నాకు కోపం వచ్చింది. ఆ కోపంతోనే ఆమె వెంట తోటలోకి నడిచాను.

నీరు పెట్టిన మర్నాడు లేతకొమ్మ పెళుసుగా ఉంటుంది, పట్టుకుంటే పుటుక్కుమంటుంది. రెండు మూడు రోజులు ఆగి, ఎండెక్కి కొమ్మ కాస్త వాడాక వంచితే మాట వింటుంది. కొసన గుప్పెడు ఆకు ఉంచి మిగతాదంతా దూసెయ్యాలి. పురికొస బెరడులోకి దిగుతుందని ఆమె పాత నేతచీరలు పేలికలుగా చించింది. వంటకు దాచిన పత్తికట్టెల మోపు విప్పి, మొదళ్లు చెక్కి మేకులు చేశాను. కొమ్మను విల్లులా వంచడం, పేలిక వెయ్యడం, మేకుకు కట్టడం. తోటంతా కట్టేసరికి నా నడుం కూడా జామకొమ్మలాగే ఉంది.

ఎక్కడ పప్పులో కాలేశామంటే, అది రేగడి అన్న సంగతి మరిచిపోయాం. పుట్టి పెరిగింది ఆ నేలమీదే, మాకే గుర్తు లేకపోయింది. పొదిలి ఎర్రనేలలో మేకు దిగితే దిగినట్టే ఉంటుంది. మా నేల ఎండకు బీటలు వారుతుంది, చెయ్యి దూరేంత నెర్రెలు పడుతుంది. ఒకనాటి పొద్దున వెళ్లి చూస్తే మేకులన్నీ నెర్రెల్లో పట్టు తప్పి ఊడిపోయాయి. కొమ్మలన్నీ పేలికలు ఊపుకుంటూ నిటారుగా నిలబడ్డాయి.

పక్క చేను ఆసామి, నాకు బావమరిది వరస, గట్టుమీద నిలబడి అరిచాడు.

"ఏంటి బావా, మొక్కలన్నీ లేచి నిలబడ్డాయి? మా అక్క జనగణమన పాడిందా?"

"నిన్ను చూసి లేచాయిరా, పెద్దమనిషివని!"

"పేలికలు కట్టావు, గాజులు కూడా తొడగకపోయావా?"

"నీ మిరపకి నువ్వు పోసే మందుకంటే నా పేలిక నయంరా!"

అంతవరకూ ఆ కట్టడం నాకు ఇష్టం లేని పని. వాడు నవ్వాక అది నా పని అయిపోయింది.

మా ఆవిడ మాత్రం గట్టుమీద కూలబడింది. "నారు పోసే రోజులు దగ్గరికొచ్చాయి. ఇక అవదులే" అంది. ఆమె గొంతు అలా దిగిపోగా నేనెన్నడూ వినలేదు. ఎప్పటిలాగే తిట్లకు దిగాను. కొమ్మల్నే తిట్టాను. "దొంగగేదెల్లా ఉన్నాయి! వీటికి మెడకీ ముందుకాలికీ కలిపి కట్టాలి, అప్పుడు గానీ తల ఎత్తవు!"

పొరుగు చేలో పడి మేసే గేదెను మా వైపు అలాగే కడతారు. మెడలోంచి ముందుకాలికి తాడు. నడవగలదు, తల మాత్రం ఎత్తలేదు.

ఆమె నా వంక చూసింది. "మళ్లీ అను."

"ఏమని?"

"మేకెందుకయ్యా? కొమ్మను తెచ్చి దాని మొదలుకే కట్టు. మొదలు నెర్రెలో ఊడిరాదుగా!"

ఆ పూటే మొదలుపెట్టాం. ప్రతి మొక్క పాదం దగ్గర కాండానికి వదులుగా ఒక చీరపేలిక చుట్టి, కొమ్మల్ని నాలుగు దిక్కులా వంచి, ఒక్కో కొమ్మనూ మరో పేలికతో దానికే లాగి కట్టాం. పేలికలు చాలక ఆమె ఇంట్లో కట్టుకునే చీర కూడా ఒకటి చించింది. నేల ఎంత బీటలు వారినా ఈసారి ఒక్క కొమ్మ లేవలేదు.

రోజూ పొద్దున్నే వెళ్లేవాళ్లం. మొదట కణుపులు ఉబ్బాయి. తర్వాత కొమ్మ వీపు పొడుగునా, ఆకు దూసిన ప్రతి చోటా, జంటలు జంటలుగా చిగుళ్లు లేచాయి. అవి ఆకులు తొడిగే నాటికి తొలకరి పడింది. ఊళ్లో నారుమళ్లు సిద్ధమవుతున్నాయి. మా ఆవిడ అన్నం ముద్ద పట్టుకుని ఆలోచనలో పడిపోయేది.

ఒకరోజు మా అబ్బాయి తోటలోకి వచ్చాడు, చెవి దగ్గర ఫోను. అవతల ట్రాక్టరువాడు. మాట్లాడుతూనే వంగి ఒక చిగురు ఆకు మడిచి చూశాడు. ఆకు పంచన శనగగింజంత పచ్చటి బుడిపె ఉంది. దాని పక్క చిగురుకూ ఉంది. ఆ పైదానికీ ఉంది.

"అమ్మా, ఇది మొగ్గేనా?"

"మొగ్గ కాక మిరపకాయా?"

వాడు మరో మొక్క దగ్గరికి వెళ్లాడు, మరో దాని దగ్గరికి వెళ్లాడు. ఫోనులో అవతలివాడు హలో హలో అంటున్నాడు. "ఆఁ, పై చేనొక్కటే దున్ను. బోరు దగ్గరికి రావద్దులే" అని పెట్టేశాడు.

నాకు నాలుగు మాటలు అనాలని నోరు దురద పుట్టింది. మా ఆవిడ కళ్లతోనే నన్ను ఆపింది.

"ఇవి కాసేదాకా ఇలాగే కట్టి ఉంచాలా అమ్మా?" అని అడిగాడు వాడు.

"ఎందుకురా, కొమ్మ ఆ వంపుకు అలవాటు పడితే విప్పెయ్యడమే."

"విప్పే రోజు చెప్పు, వస్తాను."

"అలాగే, వద్దువుగానిలే. ముందు ఆ కొమ్మ మీంచి కాలు తియ్యి" అంది.