ఆ రోజు పడవ అరవలేదు

ఒక తీగ. జడపిన్నంత పొడవు, అంతకన్నా సన్నం. దాన్ని ఏళ్ల తరబడి గుండె మీద మోస్తున్నాను. ఓడల లంగరు గొలుసు ఇంతకన్నా తేలికని నా నమ్మకం. దేన్నయినా పదింతలు చేసి చెప్పడం నా జబ్బు, కాబట్టి మిగతావన్నీ సగం తీసేసి చదవండి. ఈ బరువులో మాత్రం ఏమీ తీసేయకండి.

జర్మనీలోని హానోవర్‌లో మా పక్క వీధి యాదగిరి, బాల్టిక్ తీరంలో ఒక పాత తెరచాప పడవ కొన్నాడు. నల్లగొండ పుట్టాక సముద్రాన్ని జయించిన మొదటి మొనగాడు ఇతడేనని నేనే చాటింపు వేశాను. పడవలో ఆటోపైలట్ ఉంది, జీపీఎస్ కొత్తది. జీపీఎస్ దారి చెప్పాలి, ఆటోపైలట్ విని చుక్కాని తిప్పాలి. మధ్యలో రెండు తీగలు. నేను కలుపుతానన్నాను. ఎందుకన్నాను? బల్బు మారిస్తే వీధంతా చీకటైపోయే చెయ్యి నాది. సరైన ప్లగ్ లేక తీగలు మెలిపెట్టి టేపు చుట్టాను. జీపీఎస్ కబురు ఆగితే ఆటోపైలట్ పెట్టె కీచుమంటుంది; ఆ అరుపుకు వేరే ఒక సన్నటి తీగ. "తేడా వస్తే మా బిల్డింగ్ చూసుకునే హౌస్‌మైస్టర్‌లా అరుస్తుంది, నువ్వు నిశ్చింతగా చాయ్ తాగు" అని భరోసా కూడా ఇచ్చాను.

ఆ సాయంత్రమే పడవలో నలుగురం చేరాం. నా లెక్కలో నాలుగు వందల మంది. మా వంటింటి తాలింపు పొగకు ఫైరింజన్ వచ్చిన కథ చెబుతున్నాను. అసలు పట్టు దగ్గర పెట్టె అరిచింది. టేపు ముడి వదులైంది. అందరి తలలూ అటు తిరిగాయి. నేను ముడి బిగించాను. కథ అందుకున్నాను. మళ్లీ అరిచింది. చెయ్యి పెట్టి ఆ అరుపు తీగను పీకేశాను. నవ్వులే నవ్వులు. తర్వాత పెడదాంలే అనుకున్నాను. నిజంగా మరిచిపోయానా, లేక ఇంకో కథ మిగిలి ఉందని వదిలేశానా? ఇవాళ్టికీ తేల్చుకోలేకపోతున్నాను.

తర్వాతి ఆదివారం యాదగిరి, అతని భార్య సరిత, ఇద్దరే వెళ్లారు. అతను లోపల చాయ్ పెడుతున్నాడు. ఆమె పడవ ముందుభాగంలో కూర్చుంది. ముడి ఊడింది. మలుపు దగ్గర ఆటోపైలట్‌కు కబురు అందలేదు, పెట్టె అరవలేదు. పడవ సూటిగా పోయి రేవు రాతిగట్టును గుద్దింది. సరిత మోకాలు నలిగిపోయింది. ఇప్పటికీ కర్ర లేనిదే నడవలేదు.

మర్నాడు, పడవను పరీక్షించే మనిషి రాకముందే, వాళ్ల బట్టలు తెస్తానన్న మిషతో వెళ్లి ఆ తీగను మళ్లీ తగిలించాను. అతను పెట్టె మీట నొక్కి చూస్తే డెన్మార్క్ దాకా వినిపించేలా అరిచింది. ముడి దారిలో ఊడినప్పుడు కూడా ఇలాగే అరిచి ఉంటుందనుకున్నాడు. పెట్టె మంచిదే, మనిషే అజాగ్రత్త. అలా తేలింది.

ఆసుపత్రిలో యాదగిరి అన్నాడు: "పెట్టె మొత్తుకునే ఉంటదన్నా. నాకే ఇనవడలే."

సరిత కళ్లు తెరవకుండానే అంది: "నేను పిలిస్తెనే ఇనవడది. పడవ పిలిస్తె ఇనవడ్తదా?"

అతను నావైపు తిరిగాడు. "ఏందన్నా, నీ నోరు గూడ పడిపోయిందా? ఏదన్న జోక్ చెప్పరాదు."

చెప్పాను. అవును, జోకే చెప్పాను.

పడవ అమ్మేశాడు. కారు నడపడం మానేశాడు. చెవుల డాక్టరు దగ్గర టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, తీసుకుని పరీక్ష చేయించుకున్నాడు. "చెవులు మంచిగనే ఉన్నయటన్నా. అంటె ఇని గూడ పట్టించుకోలేదన్నట్టే గద" అన్నాడు. అప్పుడైనా నోరు తెరవొచ్చు. తెరవలేదు. ఇంత నోరున్న వాడిని.

మొన్న వాళ్లింట్లో భోజనం. నా కథ మధ్యలో ఓవెన్ బీప్‌మంది. యాదగిరి చేతిలో గిన్నె వదిలేసి పరిగెత్తాడు. నేల మీద పప్పు. అందరూ నవ్వారు. నేను కథ ఆపేశాను.

తీగ పీకాను. దొంగతనంగా మళ్లీ పెట్టాను. మీకు చెప్పాను, అతనికి ఇంకా చెప్పలేదు. రాసేశాక ఊపిరి కాస్త ఆడుతోంది. అతను మాత్రం, ఆ రోజు రాని చప్పుడు కోసం ఇంకా చెవి ఒగ్గే ఉన్నాడు.