రత్నమ్మ మేడం చేర్చిన మొదటి వాక్యం

పాపను ఎడమ భుజం మీద వేసుకుని జోకొడుతూ, కుడి చేత్తో కొత్త ఈ-రీడర్ పట్టుకున్నాను. బొటనవేలి కింద దాని తెర కాస్త గరుకుగా, చల్లగా తగిలింది. నిన్ననే మా ఆయన తెచ్చారు. మంచిదేనా అని అడిగితే, వారం రోజులు వాడి చెబుతానన్నాను. ఆయన నవ్వారు. ఏ వస్తువునైనా వాడి చూడందే మాట చెప్పకపోవడం నాకు రత్నమ్మ మేడం దగ్గర అబ్బిన అలవాటు.

ధర్మవరంలో చీరల వ్యాపారులు కలిసి నడిపే ఒక చిన్న గ్రంథాలయానికి ఆమె లైబ్రేరియన్. నేతవాళ్ళ బిడ్డ. మనిషి పొట్టి, గొంతు పెద్దది. డిగ్రీ అయ్యాక ఏడాది పాటు నేను ఆమె దగ్గర సహాయకురాలిగా పనిచేశాను. ఒకరోజు గ్రంథాలయానికి పెద్ద దాత అయిన సుబ్బయ్యశెట్టిగారు రెండు పెట్టెలు తెచ్చి బల్ల మీద పెట్టారు. ఒకదానిలో కాగితం లాంటి తెర ఉన్న నలుపు తెలుపు ఈ-రీడర్, రెండోదానిలో రంగులతో మెరిసే ట్యాబ్లెట్.

"ఏమమ్మా రత్నమ్మా, ఇంగ ఈ బీరువాలన్నీ ఏమిటికి? వెయ్యి పుస్తకాలు దీంట్లోనే పడతాయంట. రెండిట్లో యేది మంచిదో రాసియ్యండి, పది కొనిస్తా. ఆ లోపలి గది ఖాళీ చేస్తే నా చీరలు పెట్టుకుంటా" అన్నారాయన.

మా పుస్తకాల్లో సగానికి పైగా ఆ లోపలి గదిలోనే ఉన్నాయి. మేడం ముఖంలో ఏమీ కనబడనివ్వలేదు. "పదైదు దినాలు టైమియ్యన్నా" అన్నారు.

సాయంత్రానికల్లా నేను రెండు పేజీల నివేదిక రాసిచ్చాను. బ్యాటరీ ఎన్ని గంటలు, బరువెంత, పుస్తకాలెన్ని పడతాయి, అంతా ఇంటర్నెట్‌లో దొరికిందే. మేడం చదివి కళ్ళజోడు తీశారు.

"ఇదంతా నువ్వు చూసినావా పాపా?"

"లేదు మేడం, కంపెనీవాళ్ళు రాసింది."

"అమ్మేవాడు తన సరుకు చెడ్డదని రాసుకుంటాడా? మనూర్లో చీరను ఎట్ల చూస్తారో తెలీదా నీకు?"

తెలుసు. ట్యూబులైటు కింద కనిపించే రంగును మా ఊళ్ళో ఎవరూ నమ్మరు. చీరను గడప దాటించి ఎండలోకి తెస్తారు, తిరగేసి వెనకవైపు చూస్తారు. మేడం కూడా మరుసటి మధ్యాహ్నం ఆ రెండింటినీ మెట్ల మీదికి తెచ్చారు. కాగితం తెర మీద అక్షరాలు ఇంకా స్పష్టంగా కనిపించాయి. ట్యాబ్లెట్ అద్దమైపోయింది. "నా మొగమే కనపడతాండాది. బొట్టు పెట్టుకునేకి బాగుండాది" అన్నారు మేడం.

తర్వాత వాటిని చదివేవాళ్ళ చేతుల్లో పెట్టాం. ట్యాబ్లెట్‌లో రంగుల పటాలు చూసి బడిపిల్లలు ఎగిరి గంతేశారు, కానీ ఐదు నిమిషాల్లో కార్టూన్లలోకి జారుకున్నారు. ఈ-రీడర్ కరెంటు కోతలను లెక్కచేయలేదు, ఆ పదిహేను రోజుల్లో ఒక్కసారే ఛార్జింగ్ పెట్టాం. అయితే స్కాన్ చేసిన పాత పుస్తకాల అక్షరాలు అందులో చీమల బారులా ఉండేవి, పెద్దవి చేస్తే వాక్యం తెర దాటిపోయేది. ఇంకో సంగతి, మా దగ్గర తీసుకున్న పుస్తకం వీధిలో మూడిళ్ళు తిరిగిగాని వాపసు రాదు. మేడంకు ఆ సంగతి తెలుసు, ఏమీ అనేవారు కాదు. ఈ-రీడర్‌ను ఒకామె తీసుకుపోతే మాత్రం అందులోని పుస్తకాలన్నీ ఆ ఒక్క ఇంట్లోనే ఉండిపోయాయి.

చివరగా నాగప్ప. యాభై ఏళ్ళు మగ్గం నేసిన మనిషి. చూపు మందగించి రెండేళ్ళుగా మా దగ్గర కూర్చుని, ఎవరైనా పైకి చదివితే వినేవాడు. మేడం ఈ-రీడర్‌లో ఒక కథ తెరిచి, అక్షరాలను వేలిగోరంత చేసి ఆయన చేతికిచ్చారు. ఆయన మొదటి వాక్యం కూడబలుక్కుని పైకి చదివాడు. తర్వాత చప్పుడు లేదు.

"నాగప్పన్నా, ఎట్లుండాది?" అని మేడం అడిగారు.

"ఉండమ్మా, మాట్లాడించొద్దు. ఆ పిల్లోడు బావిలోకి దిగుతాండాడు" అని విసుక్కున్నాడు.

నేను రెండోసారి నివేదిక రాశాను. చూసినవన్నీ రాసి, నాగప్పను వదిలేశాను. మేడం ఒక్క చూపులో పట్టేశారు.

"నాగప్ప సంగతి యాడ?"

"అది రాస్తే శెట్టిగారు కొనేస్తారు మేడం. గది పోతుంది."

ఆమె లోపలి గది వైపు చూశారు. "ఆ పుస్తకాలకు అట్టలేసింది నేను. నాకు బాధ లేదనుకుంటాండావా? బాగున్న చీరకు లేని వంక పెట్టి తిప్పి పంపేవాళ్ళను మా నాయన వాకిట్లోకి రానిచ్చేవాడు కాదు పాపా."

కలం తీసుకుని, నా రాతకు పైన ఖాళీలో రాశారు: "చూపు తగ్గినవారికి ఈ-రీడర్ అచ్చు పుస్తకం కంటే మేలు. రెండేళ్ళుగా చదవలేని నాగప్ప దీనితో తనంతట తాను చదివాడు." కింద నాచేత సంతకం చేయించారు.

శెట్టిగారు నిలబడే చదివారు. "గది పోతాదని తెలిసే రాసినారా?"

"తెలిసే రాసినామన్నా."

"నా అంగట్లో ఇట్ల చెప్పేవాళ్ళు ఒక్కరు లేరే!" అన్నారాయన. పది కొంటానన్న మనిషి, కళ్ళు సరిగా కనబడనివాళ్ళ కోసమని నాలుగు ఈ-రీడర్లే కొన్నారు. గదిని మాత్రం పూర్తిగా వదలలేదు, సగం తీసుకున్నారు. బీరువాలను ముందు హాల్లోకి మార్చిన రోజు మేడం స్వయంగా ఒక అంచు పట్టుకున్నారు. ఆ వాక్యం వల్ల ఇలా అయిందని ఎన్నడూ అనలేదు. అలాంటి మనిషి రాసిన మాట కింద నా పేరు ఉందని మా అమ్మకు ఎన్నిసార్లు చెప్పుకున్నానో!

మేడం ఇప్పుడు కదిరిలో చెల్లెలి దగ్గర ఉంటున్నారు. పాప పుట్టాక నాకు ప్రతిదానికీ భయమే. మొన్న ఆసుపత్రిలో డాక్టరమ్మ పాప రక్తపరీక్ష కాగితంలో రక్తం తక్కువగా ఉందని చూసి, ఐరన్ చుక్కలు రోజూ వేస్తున్నారా అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే మా అత్తమ్మ "ఊ, దినామూ వేస్తాండాము" అని నా మోచేయి గిల్లింది. నిజం చెబితే తల్లివేనా అంటారేమో అనిపించింది.

"లేదు డాక్టరమ్మా, వారంలో మూడు దినాలు మరిచిపోయినాను" అన్నాను.

ఆమె తలెత్తి నన్ను చూసింది. చుక్కలు పనిచేయడం లేదనుకుని అప్పటికే సగం రాసిన గట్టి మందును కొట్టేసి, పాత చుక్కలే క్రమంగా వేయమని చీటీ నా చేతికిచ్చింది.