గడియ తీయని ప్రార్థన

ఏళ్ల తరబడి గుండెల మీద బండ పెట్టుకుని తిరిగాను. ఈ పూట అది కదిలింది. సంతోషమో భయమో తెలియడం లేదు, కూర్చోలేక లేచి, అటూ ఇటూ తిరిగి, మళ్లీ కూర్చుని రాస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పడం తేలిక.

మాది దివిసీమలో సముద్రానికి దగ్గర ఊరు. తుఫాను వస్తుందంటే మా చర్చి తలుపులు ఊరందరికీ తెరవాలి. అది మా సంఘం కట్టుబాటు. పెద్ద తుఫాను వచ్చిన ఏడు ఆ తాళం నా దగ్గరుంది. పాస్టరు గారు చల్లపల్లిలో చిక్కుకుపోయారు. జనం చాలామంది ముందే బడికి వెళ్లిపోయారు. ఇక ఎవరూ రారనుకుని, మధ్యాహ్నం చర్చి లోపల గడియ పెట్టుకుని మోకరించాను. గాలి ఆగేదాకా మోకాళ్ల మీద నుంచి లేవనని ప్రభువుకి మాటిచ్చాను. అప్పుడు తలుపు కొట్టారు.

విన్నాను. మా వీధిలో చేపలమ్మే నాగమ్మ గొంతు. ఆమె భర్త ఏడుకొండలు కూడా పిలుస్తున్నాడు. లేస్తే మాట తప్పినట్టు, నమ్మకం లేనట్టు అనుకున్నాను. ఇంకా గట్టిగా, కేకలు వేస్తూ ప్రార్థించాను. కాసేపటికి పిలుపులు ఆగిపోయాయి. వాళ్లు తిరిగి వెళ్తుంటే ఎగిరొచ్చిన రేకు తగిలి ఏడుకొండలు కుడిచెయ్యి పడిపోయింది. అతను మళ్లీ వల లాగలేదు.

మర్నాడు నాగమ్మ అడిగింది.

"తలుపు కొట్టామక్కా. వినపడలా?"

"ఆ గాలి హోరులో ఏం వినపడుద్దే నాగమ్మా!"

"అవున్లే," అంది. నమ్మేసింది.

ఆ ఆదివారం సంఘంలో లేచి నిలబడి, నా ప్రార్థన విని దేవుడు ఊరిని కాపాడాడని సాక్ష్యం చెప్పాను. అందరూ ఆమెన్ అన్నారు. తర్వాత స్త్రీల కూడికల్లో నా మాటకు ఎదురే లేదు. రక్షణ విశ్వాసం వల్లే గానీ క్రియల వల్ల కాదని ఎంత ధాటిగా చెప్పేదాన్నో! ఆ మాట తప్పని ఇప్పటికీ అనను. కానీ నేను దాని వెనక దాక్కున్నాను. నాకు నిజంగా అంత విశ్వాసమే ఉంటే, నేను లేచి గడియ తీసొచ్చేంత సేపు ఆ తుఫాను సంగతి దేవుడు చూసుకోలేడా? నా మొండితనానికి ఆయన పేరు పెట్టుకున్నాను. తలుపు కొట్టింది మా సంఘంవాళ్లయితే లేచేదాన్నా? లేచేదాన్నేమో.

ఈ ఉదయం, బుట్టతో బందరు బస్సుకి బయల్దేరుతున్న నాగమ్మని ఆపి, ఏడుకొండలు ఎదుటే మొత్తం చెప్పేశాను. ఆమె బుట్ట దించి అరుగు మీద కూలబడింది. బస్సు వెళ్లిపోయింది. ఏడుకొండలు నా వైపు చూడలేదు, తన చేతినే చూసుకుంటూ ఉండిపోయాడు. క్షమించమని అడిగే ముఖం నాకు లేదు. అడగలేదు.

అయినా ఇంటికి దాదాపు పరిగెత్తుకుంటూ వచ్చాను! సిగ్గుతో చచ్చిపోతున్నాను, ఒళ్లంతా తేలిగ్గానూ ఉంది, రెండూ నిజమే. రేపు ఆదివారం. సంఘం ముందూ చెప్తాను. ఎవరూ ఆమెన్ అనరు. స్త్రీల కూడిక నా చేతిలోంచి పోతుంది. పోనీ. ఏడుకొండలు చెయ్యి మాత్రం తిరిగి రాదు. వాళ్లకివ్వడానికి నా దగ్గరున్నది ఆ నిజం ఒక్కటే, ఇన్నేళ్లు ఆలస్యంగా ఇచ్చాను.