యాభై మైళ్ల ప్లగ్గులు

పెళ్లయిన ఏడాది నేను ఒక చూడి బర్రెను ఇచ్చి మోటారు తెచ్చుకున్నాను. షాలిబండలో మాది పాల వ్యాపారం. మేము పాలు పోసే దేవిడీ భవంతిలో చిన్న నవాబుగారికి ఆ మోటారు మీద మోజు తీరిపోయింది. పందేలలో ఉరకడానికి చేసిన ఎర్ర బండి అది. రెండే సీట్లు, పైకప్పు లేదు, అప్పటికే పాతబడింది. మా నాన్న దాని చుట్టూ ఒకసారి తిరిగి, "పాలియ్యదు, పెండ పెట్టదు. ఏం జేసుకుంటవ్‌రా దీన్ని?" అన్నాడు.

ఆషాఢానికి ముందు నా భార్యను అందులోనే పుట్టింట్లో దిగబెట్టడానికి బయలుదేరాను. నయాపూల్ వంతెన నడిమధ్యన బండి నాలుగు దగ్గులు దగ్గి ఆగిపోయింది. అఫ్జల్‌గంజ్‌లో మా మామకు పశువుల దాణా దుకాణం, దాని వెనకే ఇల్లు. కబురు అందగానే ఆయన తెలకపిండి బండికి కట్టిన ఎడ్లను విప్పి పంపాడు. ఎడ్లు మోటారును లాగుతుంటే మేమిద్దరం లోపల ఉత్సవ విగ్రహాల్లా కూర్చుని అత్తగారింటి ముందు దిగాం. వీధి వీధంతా బయటికొచ్చి చూసింది. నా భార్య కొంగును ముక్కు దాకా లాక్కుని దిగుతూ ఒకే మాట అంది.

"శ్రావణంల నన్ను తీస్కపోను వస్తే ఇది తన కాళ్ల మీద తను నడవాలె. నడుమ ఆగిందనుకో, దిగి టాంగా ఎక్కుత. ఊరంత చూడని."

ఆమె అన్నదంటే చేస్తుంది. కొత్త పెళ్లాం టాంగాలో ముందు, నేను ఆగిన మోటారులో వెనక! తలుచుకుంటేనే నాకు అన్నం సహించేది కాదు.

ఆ ఎడ్లే మోటారును మళ్లీ షాలిబండకు చేర్చాయి. మా పక్కింట్లో ఒక ముసలి హకీం సాబ్ ఉండేవారు. ఒక పొద్దున నేను ఇంజనులోంచి, నిప్పురవ్వ పుట్టించే నాలుగు ప్లగ్గులూ ఊడదీసి అరుగు మీద పెట్టుకుని ఏడుపు ముఖంతో కూర్చుంటే, పాల చెంబుతో వచ్చి చూశారు. కళ్లద్దాలు సర్దుకుని, రోగుల నాలుకలు చూసినట్టే ఒక్కొక్క ప్లగ్గునూ వెలుతురులో తిప్పి చూశారు. కొనలన్నీ మసి.

"నాలుక నల్లగ పడ్డది మియా. అజీర్తి. తిన్నది అరుగుతలేదు దీనికి" అన్నారు.

అక్కడితో ఆగితే బాగుండేది. ప్లగ్గులు బిగించి బండిని నడపమన్నారు. ఇంజను దడదడలాడుతుంటే, ప్లగ్గులకు కరెంటు తెచ్చే తీగల మీద మూడు వేళ్లు ఆనించి, కళ్లు మూసుకుని నాడి చూడబోయారు. ఆ తీగల తొడుగు ఎప్పుడో పగుళ్లిచ్చింది. హకీం సాబ్ గజం వెనక్కి ఎగిరి కూలబడ్డారు. ఆయన టోపీ కుడితి తొట్టిలో పడింది, మా బర్రె దాన్ని వాసన చూసి వదిలేసింది. నేను ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పరుగెత్తేసరికి ఆయన లేచి కూర్చుని వేళ్లు విదిలించుకుంటున్నారు.

"నబ్జ్ మస్తు తేజ్ ఉన్నది! తీగలు గూడ ఖరాబైనయ్. ప్లగ్గులు, తీగలు రెండూ మార్చు."

తర్వాత ఎందరో మెకానిక్కులను చూశాను గానీ అంత ధైర్యంగా రోగం కనిపెట్టినవాడు లేడు.

మోటారు సామాన్ల దుకాణం కూడా అఫ్జల్‌గంజ్‌లోనే, మా మామ దుకాణానికి నాలుగు గడపల అవతల ఉండేది. ఆషాఢంలో అల్లుడు అత్తగారి గడప తొక్కకూడదు. వాళ్ల చూరు కింద నడిచినా తొక్కినట్టేనేమోనని, తలకు రుమాలు చుట్టుకుని, వీధి అవతలి పక్క నుంచి దొంగలా వెళ్లాను.

తీగలు తేలిగ్గానే అయిపోయాయి. నాలుగూ నాలుగు పొడుగులు కాబట్టి, కొలతకు బర్రె పలుపునే ముళ్లు వేసి పట్టుకెళ్లాను. రబ్బరు మీద నూలు అల్లినవి ఎర్రవీ పసుపువీ ఉంటే, మన బండి ఎరుపు కదా అని ఎర్రవి ఏరాను. రబ్బరు మందం చూడాలని నాకు తట్టనేలేదు. దుకాణం భాయ్ నొక్కి చూసి, ఎర్రవాటిలోనే మందమైనవి కోసి ఇచ్చాడు. ప్లగ్గుల దగ్గరే చిక్కొచ్చింది. ఆయన రెండు డబ్బాలు ముందు పెట్టాడు.

"బండి ఎంత తేజ్ నడుపుతవ్ భాయ్? సచ్ బోలో. మెల్లగ నడిపెటోళ్లకు ఇవి, ఉరికిచ్చెటోళ్లకు అవి. ఉరికే ప్లగ్గు పెట్టి మెల్లగ నడిపితివా, మసి పట్టి బండి ఆగిపోతది."

నిజం చెప్పడానికే నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడు వెనక నుంచి మా మామ గొంతు వినిపించింది. నన్ను తల రుమాలును బట్టి గుర్తుపట్టాడట. అది పెళ్లిలో ఆయన పెట్టిందే.

"ఏం అల్లుడూ, పలుపు తెచ్చినవ్? మోటరుకు ముకుతాడు ఏస్తున్నవా?"

ఎడ్లు పంపిన మనిషి ముందు నిజం చెప్పడమంటే ఎలా? "యాభై మైళ్లు" అన్నాను భాయ్‌తో. "గంటకు. ఒక్కోపారి ఎక్కువనే." భాయ్ మామ వైపు చూశాడు. మామ దుకాణం కప్పు వైపు చూశాడు. నేను ఉరికే ప్లగ్గులు జేబులో వేసుకుని బయటపడ్డాను.

శ్రావణం వచ్చింది. అత్తగారు బిడ్డకు ఒడిబియ్యం పోసింది. ఆ మూట ఒళ్లో పెట్టుకుని నా భార్య మోటారెక్కింది. నయాపూల్ దాటేదాకా బండి బాణంలా పోయింది. నేను మీసం దువ్వుకున్నాను. పత్తర్‌గట్టీ దగ్గర ముందు ఎడ్లబండ్లు, వాటి ముందు టాంగాలు. అడుగులో అడుగేస్తూ చార్మినార్ చేరేసరికి మూసీలో పడి లేచి ఇంటికి పోతున్న మా బర్రెల మందే ముందు అడ్డం పడింది. తొందరలో హారను కొట్టాను. అదే నేను చేసిన పెద్ద తప్పు. దాణా వేసే వేళ ఆ హారనే కొట్టి వాటిని పిలిచే అలవాటు నాది. పన్నెండు బర్రెలూ వెనక్కి తిరిగి, బండిని చుట్టుముట్టి, నా ముఖం నాకడం మొదలుపెట్టాయి. ఇంజను నాలుగు దగ్గులు దగ్గింది. ఆగింది.

"ఏంది, ఆగిందా?" అంది నా భార్య.

"ఆగలే. దమ్ము తీస్కుంటుంది."

ఒక టాంగావాడు పక్కనే నిలిపి, "ఎక్కమ్మా, ఏడికి?" అన్నాడు. ఆమె ఒక కాలు కింద పెట్టి నా వైపు తిరిగింది. "యాభై మైళ్ల బండి గద?"

ఇక నా వల్ల కాలేదు. "యాభై గాదు. ఐదు. అది గూడ బర్రెలు అడ్డం రాకుంటే. మీ బాపు ముంగట ఇజ్జత్ పోతదని గట్లన్న."

ఆమె కాలు లోపలికి తీసుకుంది. ఒడిబియ్యం మూటను దారి నడుమ విప్పకూడదు, అందుకని మూలన వేరే ముడి ఒకటి వేసి ఉంది. అది విప్పింది. పసుపు కొమ్ములతో కలిపి, రవికె గుడ్డలో చుట్టిన నాలుగు ప్లగ్గులు. భాయ్ చూపించిన రెండో డబ్బాలోవి.

"నువ్వు అటు పోంగనే బాపు కొన్నడు. యాభై మైళ్లు నిజమే గాని ఏడాదంత కలిపితే అన్నడు. మెల్లగనే నడుపుతనని నీ నోటితోని నువ్వు ఒప్పుకున్నంకనే ఇయ్యుమన్నడు. ఒప్పుకోకుంటే టాంగా ఎక్కి పొమ్మన్నడు."

మామ మీద ఒళ్లు మండింది. ఆ మంటలోనే కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను ప్లగ్గులు ఊడదీసి పెడుతుంటే, ఆమె ఒక్కొక్కదానికి అంటిన పసుపును కొంగుతో తుడిచి అందించింది, ఒక చేత్తో బర్రెలను అదిలిస్తూ. హ్యాండిల్ ఒక్కసారి తిప్పగానే ఇంజను అందుకుంది. టాంగావాడు గొణుక్కుంటూ పోయాడు.

షాలిబండ దాకా బర్రెల వెనకే వచ్చాం. బండి ఆగలేదు, ఆమె దిగలేదు.